బస్సులో మిగిలింది ‘కి’ ఒక్కటే

సందేహం: బస్సు అంటే లాటిన్‌లో ‘అందరికీ’ అని అర్థమని ఒక మిత్రుడు చెప్పాడు. నిజమేనా? మంచి తెలుగు రాయాలనుకునేవారు ఈ మాటను మానుకోవాలా? – ఒక పాఠకుడు, కావలి

సమాధానం: మీ మిత్రుడు చెప్పింది సగం నిజం. ‘అందరికీ’ అన్న అర్థం ‘ఓమ్నిబస్’ అనే పూర్తి మాటది. ఫ్రాన్సులోని నాంత్ పట్టణంలో 1826లో స్టానిస్లా బోద్రీ నడిపిన గుర్రపు బండ్లకు ఆ పేరు స్థిరపడింది. 1829లో జార్జ్ షిల్లిబీర్ అలాంటి బండినే లండన్ వీధుల్లోకి తెచ్చాడు. కొద్ది ఏళ్లకే ఇంగ్లీషువాళ్లు ఆ పేరు తల కోసేసి తోక ఉంచుకున్నారు.

ఆ తోక సంగతే చూడండి. ‘ఓమ్ని’ అన్నది ప్రాతిపదిక, అంటే ప్రత్యయం చేరకముందున్న మాట. ‘బస్’ అన్నది బహువచనంలో చేరే చతుర్థీ ప్రత్యయం, అంటే ‘ఎవరికి’ అన్నది చెప్పే ముక్క. అంటే ‘అందరికీ’లో ‘అందరి’ పోయి ‘కీ’ మిగిలిందన్నమాట! (మన వ్యాకరణాలు కి, కులను షష్ఠిలో వేశాయి గానీ, ఇక్కడ అవి చేసే పని చతుర్థిదే.) టెలిఫోనులో టెలి పోయినా ఫోనుకు ‘ధ్వని’ అనే సొంత అర్థం ఉంది. బస్సుకు ఆ మాత్రం ఆస్తి కూడా లేదు.

పైగా ఈ ప్రత్యయానికి సంస్కృతంలో ఒక తోబుట్టువు ఉంది. ‘శ్రీ గురుభ్యో నమః’ అంటామే, అందులోని ‘భ్యో’ అదే. దాని అసలు రూపం ‘భ్యః’. అదీ లాటిన్ ‘బస్’సూ ఒకే మూలం నుంచి వచ్చినవి. మనం పలక పట్టిన నాడే పలికిన ముక్క తర్వాతెప్పుడో నాలుగు చక్రాల మీద మన ఊరికి వచ్చిందన్నమాట.

ఇక మానుకోవడం ఎందుకు? హల్లుతో ఆగిపోయే మాటకు మనం ఉకారం చేర్చుకుంటాం. ముందు హ్రస్వం ఉంటే హల్లు ద్విత్వమవుతుంది: పెన్ను, కప్పు, బస్సు. దీర్ఘం ఉంటే ఆ అవసరం లేదు: కారు, గేటు. ఇలా మన అచ్చులో పోసుకున్న మాటను పరాయిదనడం నాకు నచ్చదు. ‘సర్వజనశకటం’ లాంటివి కల్పించేవారు ఒకసారి ఒంగోలు బస్టాండుకు వెళ్లి, నెల్లూరు సర్వజనశకటం ఎన్నింటికని అడిగి చూడాలి.

అన్నట్టు, ‘ఆరు గంటల బస్సుకు వెళ్తున్నాను’ అన్నప్పుడల్లా లాటిన్ వారి ‘కి’ మీద మన ‘కు’ కూడా ఎక్కి కూర్చుంటోంది.