ఒళ్ళు కాలిపోతోందంటే సరిపోదు, నంబరు చెప్పాలి

జనవరిలో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్. మా పక్క వీధిలోకి అక్టోబరులో దిగిన అమ్మాయి. "అక్కా, బాబుకి రెండు రోజుల్నించి జ్వరం, రాత్రంతా దగ్గు. ఇవాళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే చెవులు చూసింది, గొంతు చూసింది, వైరల్, తగ్గిపోతుందని పంపేసింది. ఒక్క మందు కూడా రాయలేదు. దీనికి ఇన్సూరెన్స్ ఉన్నా మన జేబులోంచి 40 డాలర్లు కోపే! మనవాళ్ళెవరైనా డాక్టర్లుంటే చెప్పవా?"

మనవాళ్ళయినా అదే మాట చెప్పి అంతే కోపే తీసుకుంటారని ఆ వేళప్పుడు చెప్పబుద్ధి కాలేదు. నేనూ పద్నాలుగేళ్ళ కిందట డాలస్ వచ్చిన మొదటి చలికాలంలో ఇలాగే ఏడ్చాను. మా ఊళ్ళో పిల్లల డాక్టరు దగ్గరికెళ్తే చేతినిండా సీసాలతో బయటికొస్తాం. జ్వరానికొకటి, జలుబుకొకటి, దగ్గుకొకటి, మరిగించి చల్లార్చిన నీళ్ళు గీతదాకా పోసి ఊపుకునే పౌడరు సీసా ఒకటి. ఆ పౌడరే యాంటీబయాటిక్ అని కూడా చాలామందికి తెలీదు. అలా అలవాటైన వాళ్ళకి ఖాళీ చేతులతో తిరిగి రావడమంటే వైద్యం జరగనట్టే ఉంటుంది. పైగా వీడియో కాల్‌లో అమ్మ: "అదేం డాక్టరే, పిల్ల దగ్గుతుంటే నీళ్ళు తాగించమందా? నీళ్ళు మనకి తెలీవా?"

అసలు సంగతేమిటంటే, పిల్లల జలుబుల్లో చాలాభాగం వైరస్ వల్ల వచ్చేవి, యాంటీబయాటిక్ వాటిని ఏమీ చెయ్యదు. ఇక దగ్గు, జలుబు సిరప్‌లంటారా, రెండేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే చెప్పింది. అదే ఏడాది కంపెనీలు తమంతట తామే నాలుగేళ్ళలోపు వద్దని సీసాల మీద వేశాయి. చిన్నపిల్లల్లో వాటి ఉపయోగం అంతంతమాత్రం, గుండె దడ, ఫిట్స్ లాంటి ప్రమాదాలు మాత్రం నిజం. ఇది అమెరికా వాళ్ళ చాదస్తమే అనుకోకండి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గుమందు తాగి పసిపిల్లలు చనిపోయాక మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని, అయిదేళ్ళలోపు వాళ్ళకి మామూలుగా అవసరం లేదని రాష్ట్రాలకు రాసింది.

మరి ఏం చెయ్యాలి? ముక్కులో సెలైన్ చుక్కలు వేసి చీమిడి లాగెయ్యడం, గదిలో గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫైయర్, మాటిమాటికీ ఏదో ఒకటి తాగించడం. ఏడాది దాటిన పిల్లలకి దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే అర చెంచా తేనె. ఈ తేనె విషయంలో మా అమ్మా, ఇక్కడి డాక్టరమ్మా ఒకే మాట మీదున్నారు. ఏడాది లోపు మాత్రం చుక్క కూడా నాలుకకి రాయకూడదు. బొట్యులిజం అని అరుదైన జబ్బు వస్తుంది, పిల్ల ఊపిరే ఆగిపోవచ్చు. పురుడు పొయ్యడానికి వచ్చిన అమ్మమ్మలకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. మిరియాల చారన్నం, గంజి, రాగిజావ తినగలిగే వయసు పిల్లలకి భేషుగ్గా పెట్టుకోవచ్చు.

ఇక జ్వరం. క్లినిక్ వాళ్ళ నర్స్ లైన్‌కి ఫోన్ చేసి "ఒళ్ళు కాలిపోతోంది" అంటే అవతలి మనిషి అడిగే మొదటి మాట, "నంబర్ ఎంత?" చేత్తో నుదురు చూశానంటే కుదరదు. డిజిటల్ థర్మామీటరు కొనడం ఇక్కడ మీ మొదటి పని. 100.4 ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి ఉంటేనే వీళ్ళ లెక్కలో జ్వరం. మూడు నెలల్లోపు బిడ్డకి ఆ నంబరు వస్తే మాత్రం ఇంట్లో మందు వేసి చూద్దామనుకోకండి, అర్ధరాత్రయినా సరే వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. ఆపైన వయసు పిల్లల్లో నంబరు కంటే పిల్ల వాలకమే ముఖ్యం. 102 ఉన్నా ఆడుకుంటూ పాలు తాగుతుంటే మందు వెయ్యకపోయినా ఫరవాలేదంటారు. మందు టైమైందని నిద్రపోతున్న పిల్లని లేపక్కర్లేదు. మనం చేసే పెద్ద పొరపాటు ఏమిటంటే, స్వెట్టరు, మంకీ క్యాపు, పైన రగ్గు కప్పి జ్వరాన్ని మూట కట్టడం.

జ్వరం తలకెక్కి ఫిట్స్ వస్తాయనే భయం మనకి చాలా ఎక్కువ. ముందుగా జ్వరం మందు వేసినంత మాత్రాన అవి ఆగవు. వస్తే పిల్లని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి టైము చూడాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టే పని కూడా వద్దు. అయిదు నిమిషాలు దాటినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చెయ్యాలి. త్వరగా తగ్గిపోయినా మొదటిసారి అయితే డాక్టరుకి చూపించి తీరాలి.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. ఇక్కడ షాపుల్లో పారాసిటమాల్ అని వెతికితే దొరకదు, ఎసిటమినోఫెన్ అంటారు. టైలెనాల్ అదే. మా పెద్దదానికి అప్పుడు పద్నాలుగు నెలలు, 22 పౌండ్లు. అంటే 10 కిలోలు. క్లినిక్‌లో ఇచ్చిన బరువు చార్టులో ఆ వరుసకి ఎదురుగా 3.75 ఎంఎల్ అని ఉంది. అర్ధరాత్రి జ్వరం, ఇంట్లో టైలెనాల్ అయిపోయింది. అమ్మ ఇండియా నుంచి తెచ్చిన చిన్న డ్రాప్స్ సీసా ఉంది కదా, అదీ పారాసిటమాలే కదా అని క్లినిక్ వాళ్ళిచ్చిన సిరంజిలోకి సరిగ్గా గీత మీదకి 3.75 లాగి, బుగ్గలోకి పట్టించేశాను. పది నిమిషాల తర్వాత మావారు అట్టపెట్టె తిప్పి చూసి, "ఇందులో ప్రతి ఎంఎల్‌కీ 100 ఎంజీ అని ఉందేమిటి?" అన్నారు.

ఇక్కడి టైలెనాల్ 5 ఎంఎల్‌లో 160 ఎంజీ. 2011లో పసిపిల్లల సీసా, పెద్ద పిల్లల సీసా రెండూ తికమక లేకుండా ఒకే గాఢతకి తెచ్చేశారు. 3.75 ఎంఎల్ అంటే 120 ఎంజీ. నేను మన డ్రాప్స్‌తో పట్టించింది 375 ఎంజీ. మూడింతలు పైనే. కాళ్ళూ చేతులూ ఆడలేదు.

అప్పుడు ఫ్రిజ్ మీద అతికించిన పాయిజన్ కంట్రోల్ (మందో విషమో పొరపాటున ఒంట్లోకి వెళ్తే సలహా చెప్పేవాళ్ళు) నంబరు కనపడింది, 1-800-222-1222. ఫోన్ చెయ్యాలా వద్దా అని అయిదు నిమిషాలు తేల్చుకోలేకపోయాం. వీసా మీద ఉన్నాం, పిల్లకి మందు ఎక్కువ పోశారని కేసు పెడతారేమో, పిల్లని తీసుకెళ్ళిపోతారేమో అని. ఆ భయం మీకూ ఉంటే ఇప్పుడే వదిలెయ్యండి. ఇది ఉన్నదే ఇలాంటి పొరపాట్ల కోసం. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, ఇన్సూరెన్స్ కూడా అడగరు. చివరికి చేశాం. ఫోనెత్తిన నర్సు బరువెంత, ఏ గాఢత, ఎన్ని ఎంఎల్, ఎన్నింటికి, వేరే మందేమైనా వేశారా అని అడిగింది. లెక్క వేసి, ఒక్కసారి ఈ మోతాదుతో భయం లేదు, ఈ రాత్రికి ఇంకేమీ వెయ్యకండి, వాంతులైనా మగతగా ఉన్నా మళ్ళీ చెయ్యండి అంది. పొద్దున్నే తనే ఫోన్ చేసి కనుక్కుంది. అందరికీ ఇదే జవాబు వస్తుందనుకోకండి, పిల్ల బరువూ మందూ మారితే లెక్క మారిపోతుంది. పిల్ల లేవకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా నేరుగా 911.

అప్పట్నుంచి మా ఇంట్లో రూలు ఒకటే, ఏ దేశం సీసాకి ఆ దేశం లెక్క. చార్టు ఇక్కడిదైతే మందూ ఇక్కడిదే కొనండి. వంటింటి చెంచా అసలు వద్దు. మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. ఐబుప్రొఫెన్ అనే ఇంకో జ్వరం మందులో ఈ తికమక ఇక్కడి సీసాల్లోనే ఉంది. పసిపిల్లల డ్రాప్స్, పెద్ద పిల్లల సిరప్ కంటే రెండింతలు గాఢంగా ఉంటాయి. ఆరు నెలల్లోపు పిల్లలకి ఐబుప్రొఫెన్ వెయ్యరు. మన జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, పైన టైలెనాల్ కూడా వేస్తే డబుల్ డోసే.

సూట్‌కేసులో తెచ్చుకున్న మందుల గురించి ఇంకో మాట. జ్వరానికి వేసే మెఫ్తాల్ మనకి ఇంటి మందు. అందులో ఉండే మెఫనమిక్ యాసిడ్‌కి ఇక్కడ 14 ఏళ్ళలోపు పిల్లలకి అనుమతి లేదు. వాంతులకి మనం వేసే డోంపెరిడోన్‌కి ఇక్కడ అసలు అనుమతే లేదు. నిమెసులైడ్ అనే జ్వరం మందుని మన దేశంలోనే 2011లో 12 ఏళ్ళలోపు పిల్లలకి ఆపేశారు, అయినా పాత సీసాలు ఎవరింట్లోనైనా ఉంటాయి. అలాంటివేవైనా వేసి ఉంటే ఎమర్జెన్సీలో సిగ్గుపడకుండా చెప్పండి. బ్రాండు పేరు చెప్తే వాళ్ళకి అర్థం కాదు, పెట్టె మీది మందు పేరు ఫోటో తీసి ఉంచుకోండి.

అన్ని దేశాల్లోనూ ఇదే పద్ధతి కాదు. జర్మనీలో ఉన్న మా పిన్ని కూతురికి పాప జ్వరానికి పారాసిటమాల్ గుళికలిచ్చారట, వెనకనుంచి పెట్టేవి. సిరప్ లేదా అని అడిగితే, కక్కేసే పిల్లకి ఇదే నయం కదా అన్నారట. అదీ నిజమే.

అమ్మమ్మల వైద్యం మొత్తాన్నీ తీసిపారెయ్యను. కానీ వసకొమ్ము అరగదీసి నాకించడం వద్దు. దాన్ని ఆహారంలో కలపడాన్నే ఇక్కడ నిషేధించారు. కర్పూరం కడుపులోకి వెళ్తే పిల్లలకి ఫిట్స్ వస్తాయి, కాబట్టి కొబ్బరినూనెలో కాచి ఛాతీకి రాసే పనీ వద్దు. విక్స్ కూడా రెండేళ్ళు దాటాకే. సాంబ్రాణి వేస్తే దగ్గు సంగతేమోగానీ స్మోక్ అలారం మోగి అపార్ట్‌మెంట్ అంతా బయటికొస్తుంది, మా అనుభవం. కాటుకలో, కొన్ని ఆయుర్వేదం పొడుల్లో సీసం ఉండొచ్చని చెకప్‌లో అడుగుతారు. అమ్మ పెట్టిన కాటుక గురించి నేను "లేదు" అన్నాను, పిల్ల కళ్ళకి ఇంత లావు గీత ఉండగానే. డాక్టరు నవ్వి, సీసం పరీక్షకి రక్తం తీయించింది.

డేకేర్ సంగతి క్లుప్తంగా. మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే రానిచ్చేవి ఎక్కువ. పొద్దున్నే టైలెనాల్ పట్టించి దింపేస్తే నాలుగు గంటల్లో జ్వరం తిరిగొస్తుంది, మీకు ఫోనూ వస్తుంది. బ్యాగులో సీసా పెట్టి పంపకండి, మందు వెయ్యాలంటే సంతకాలు పెట్టిన ఫారం కావాలి.

ఇంత చెప్పాక, ఇక్కడి డాక్టరు పంపేసిందంటే ఊరుకోవాలనీ కాదు. పక్కటెముకలు లోపలికి లాగుతూ ఊపిరి తీస్తున్నా, ఆరెనిమిది గంటలు డైపరు తడవకపోయినా, తాగడం మానేసి మగతగా పడున్నా మొహమాటం లేకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి. జ్వరం మూడు రోజులు దాటినా, తగ్గి మళ్ళీ వచ్చినా క్లినిక్‌కి ఫోన్ చేసి "మళ్ళీ చూడాలి" అని గట్టిగా అడగండి. మనం మర్యాదగా నసుగుతూ "ఫైన్" అంటే వాళ్ళూ ఫైనే అనుకుంటారు.

ఆ అమ్మాయికీ ఇదే చెప్పాను. నాలుగో రోజుకీ 102 దిగలేదు, పైగా బాబు చెవి లాక్కుంటున్నాడు. మళ్ళీ తీసుకెళ్తే అదే డాక్టరు చూసి చెవి ఇన్ఫెక్షన్ అని ఈసారి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాసింది, పది రోజులకి. మూడు రోజులాగి మళ్ళీ ఫోన్. "అక్కా, ఫార్మసీ వాళ్ళే నీళ్ళు కలిపి గులాబీరంగు సీసా ఇచ్చారు, ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. జ్వరం పూర్తిగా పోయింది, వీడు సోఫా ఎక్కి దూకుతున్నాడు. ఇంక ఆపేసి మిగతాది మళ్ళీసారికి దాచనా?"

"దాచకమ్మా," అన్నాను, "పది రోజులూ పట్టించు. మిగిలితే పారెయ్యి."