మొదటి క్లయింటు ముందు కూర్చోబోయే నీకు

అమ్మడూ,

వచ్చే వారం నుంచి నువ్వు కౌన్సెలింగ్‌కి వచ్చే క్లయింట్లను చూస్తావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి సంతోషమూ ఆగడం లేదు, నిద్రా పట్టడం లేదు.

పది నిమిషాల ముందే వెళ్లు. ఫోన్ ఆపెయ్యి. గోప్యత గురించి, దానికున్న హద్దుల గురించి మొదటే చెప్పు. ఇవన్నీ నీకు నేర్పే ఉంటారు.

నా భయం వేరే. ట్రైనీగా నా మూడో క్లయింటు ఒకావిడ. టెన్షన్‌తో నాలుక పిడచకట్టుకుపోతుందని ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఆవిడ మాట్లాడుతుంటే నా మనసంతా తర్వాతి ప్రశ్న మీదే. మధ్యలో ఆవిడ, "ఇంకెన్నాళ్లులెండి, అందరికీ భారం తగ్గుతుంది" అంది. విన్నాను. వినలేదని చెప్పుకోలేను. "చనిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే, అవునంటే, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక భయపడ్డాను. కాగితంలోని ప్రశ్నే అడిగాను. ఆవిడ ముఖం సర్దుకుని దానికే జవాబు చెప్పింది.

అంతకన్నా పెద్ద తప్పు, నాలుగు రోజులు ఆ సంగతి సూపర్‌వైజర్‌కి చెప్పకపోవడం. ఈ పనికి నువ్వు పనికిరావంటుందని భయం. ఐదో రోజు ఏడుస్తూ చెప్పేశాను. సూపర్‌వైజర్ నన్ను ఒక్క మాట అనలేదు, ఆ నిమిషమే ఆ క్లయింటుకి ఫోన్ చేసింది. మూడు రింగుల దాకా అవతల ఎత్తలేదు. ఆ మూడు రింగులు నాకిప్పటికీ వినిపిస్తాయి. ఎత్తింది. ఆ సాయంత్రమే వచ్చింది. సూటిగా అడిగితే అవునంది. "ఆ రోజే అడుగుతారనుకున్నాను" అంది నా వైపు చూసి.

అందుకే, అడుగు తల్లీ. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని కొందరంటారు, అది నిజం కాదు. అవునంటే ఒంటరిగా పంపెయ్యకు, అప్పటికప్పుడు సూపర్‌వైజర్‌ని పిలువు. ఎవరిని, ఎలా పిలవాలో ఈ వారమే కనుక్కో.

మైండ్‌ఫుల్‌నెస్, అదే ఈ క్షణం మీద ధ్యాస నిలిపే సాధన, చేస్తుంటే మనసు ఖాళీ కావట్లేదని బాధపడుతున్నావట. ఖాళీ చెయ్యమని ఎవరన్నారు? 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ ఈ సాధనను ఆసుపత్రి రోగులకు నేర్పడం మొదలుపెట్టింది కూడా, పారిపోయిన ధ్యాసను గమనించి వెనక్కి తెచ్చుకోవడమే. దడ మొదలైతే అరికాళ్లు నేలకి ఆనించు. ఊపిరి నెమ్మదిగా వదులు, వదిలేటప్పుడే గుండె వేగం తగ్గుతుంది. ఆ తర్వాత దడ సంగతి వదిలేసి ఎదుటి మనిషి ముఖం చూడు. నాకు రెండేళ్లు దడ పోలేదు. కానీ దడలోనే వినడం వచ్చింది.

ధైర్యం వచ్చాకే కూర్చుంటానన్నావట, అదేం మాట! చేయగలనన్న నమ్మకానికి అన్నిటికన్నా బలమైన ఆధారం చేసి చూడటమేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే రాశాడు. అయినా నీకెందుకే భయం? ఆరేళ్లప్పుడు, ఏడుస్తున్న నీ తమ్ముడి పక్కన ఒక్క మాటా అనకుండా వాడు ఊరుకునేదాకా కూర్చున్నావు. నేను గుమ్మంలోంచి చూశాను.

మొదటి సెషన్ అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. ఆ క్లయింటు గురించి ఏమీ చెప్పకు, నేనూ అడగను. నువ్వెలా ఉన్నావో చెప్పు.

మీ పెద్దమ్మ