దాణాలో ఈస్ట్, పుట్టగొడుగు పొడి కలిపే ముందు

చిరంజీవి శ్రీనుకి ఆశీస్సులు.

కోళ్ల పేగుల్లో పరాన్నజీవులకి ఈస్ట్ పొడో, పుట్టగొడుగు పొడో దాణాలో కలిపి మందు మానేయొచ్చా అని అడిగావు. కలుపు, మంచిదే. మందు మాత్రం ఇప్పుడే మానకు.

ముందు షెడ్డులో ఉన్నదేమిటో తేల్చుకో. బ్రాయిలర్‌ని 35 నుంచి 42 రోజుల్లో అమ్మేస్తాం. ఏలికపాము కోడి కడుపులో పెద్దదై మళ్లీ గుడ్లు పెట్టడానికే 5 నుంచి 8 వారాలు పడుతుంది. అంత వ్యవధి దానికి దొరకదు కాబట్టి మన అసలు శత్రువు కాక్సిడియా అనే ఏకకణ పరాన్నజీవి. కంటికి కనపడదు, పేగు గోడలోకి దూరి వారం రోజుల్లోనే విపరీతంగా పెరిగిపోతుంది. చచ్చిన కోడిని కోయించి చూడు. గుడ్డిపేగుల్లో రక్తం నిండి ఉంటే కాక్సిడియాలో టెనెల్లా రకమని అనుమానించాలి. రెట్టలో రక్తం లేదని ధీమా పడకు. ఎసెర్వులినా రకం పైపేగు మీద తెల్లటి చారలు పెట్టి, రక్తం చూపించకుండానే బరువు పెరగనివ్వదు.

పురుగుల్ని వల వేసి పట్టే డడింగ్‌టోనియా శిలీంధ్రం గురించి కూడా రాశావు. అది పేడలో పొదిగి బయటికొచ్చే పురుగు పిల్లల్ని పడుతుంది, గొర్రెలకీ పశువులకీ పనికొస్తుంది. కోళ్ల ఏలికపాము పిల్ల బయట గుడ్డు దాటి రాదు, కోడి దాన్ని గుడ్డుతో సహా మింగుతుంది. ఇక వలకి చిక్కేదేముంది? కాక్సిడియా అయితే పురుగే కాదు, ఏకకణ జీవి. దాని మీద డబ్బు పెట్టకు.

ఈస్ట్ కణాల గోడలో ఉండే బీటా గ్లూకాన్ పేగులోని రోగనిరోధక కణాలని చురుకు చేస్తుంది. మన్నాన్ అనే పదార్థం ఈకోలై, సాల్మొనెల్లా పేగుకి అతుక్కోకుండా అడ్డుకుంటుంది. అంటే కోడికి తోడు నిలుస్తుందే కానీ కాక్సిడియాని చంపదు. బ్రతికున్న ఈస్ట్ కొంటే పెల్లెట్ (గుళికల దాణా) తయారీ వేడికి చాలావరకు చచ్చిపోతుంది, ఆ వేడిని తట్టుకుంటుందో లేదో అడిగి తీసుకో. బూజు పట్టిన దాణా జోలికి మాత్రం వెళ్లొద్దు, అందులో ఉండే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కోడికి ఉన్న కాస్త రోగనిరోధక శక్తిని కూడా దెబ్బతీస్తుంది.

కాక్సిడియా టీకా వేసిన బ్యాచ్ అయితే దాణాలో కాక్సిడియా మందు ఉండకూడదు. టీకాలో ఉండేవి బ్రతికున్న కాక్సిడియాలే కదా, మందు వాటినీ దెబ్బతీస్తుంది.

వీటన్నిటికంటే నేను ఎక్కువ పట్టించుకునేది లిట్టర్, అంటే షెడ్డు నేల మీద పరిచే పొట్టు. రెట్టలో పడిన కాక్సిడియా గుడ్డుకి తేమ, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో అంటుకునే దశకి వస్తుంది. డ్రింకర్ల కింద తడి గడ్డలు రోజూ తీసెయ్. కోళ్లు పెరిగేకొద్దీ డ్రింకర్ల ఎత్తు పెంచు.

ఈసారి ఒకే బ్యాచ్‌ని రెండు భాగాలు చెయ్, లిట్టర్ కలవనివ్వకు. మందు రెండు వైపులా ఉండనీ, పొడి ఒక వైపే కలుపు. మూడో వారం నుంచి రెండు వైపుల రెట్టలు విడివిడిగా పరీక్షకి పంపు, బరువులు రాసిపెట్టు. ఆ లెక్కలు చూశాక మందు సంగతి డాక్టర్‌గారితో కలిసి మాట్లాడదాం.

మీ పెదనాన్న