జంట శిఖరాల్లో ఒకటే తగ్గింది, ఈ కప్లర్ నియోబియం కావిటీకి సరిపోతుందా?

భీమవరం విద్యార్థుల ప్రశ్న ఇది: 1.3 గిగాహెర్ట్జ్ అల్యూమినియం పిల్‌బాక్స్ (గుండ్రటి కావిటీ, అంటే కణాలకి వేగం ఇచ్చే రేడియో తరంగాలు నిలిచే లోహపు గది), వ్యాసం 176.5 మిల్లీమీటర్లు. బీమ్ పైపు (కణాలు వెళ్లే గొట్టం) మీద కప్లర్ (అక్కర్లేని మోడ్‌ల, అంటే కంపన రీతుల, పవర్‌ని బయటికి లాగే పరికరం) బిగిస్తే 2.07 గిగాహెర్ట్జ్ దగ్గరి జంట శిఖరాల్లో ఒకటి పడిపోయింది, రెండోది కదల్లేదు. 1.3 దగ్గరి అసలు మోడ్ క్యూ (శక్తి ఎంత నెమ్మదిగా పోతుందో చెప్పే అంకె) మాత్రం 11,000 నుంచి 10,000కి దిగింది, పర్వాలేదా?

పర్వాలేదు అనడానికి లేదండీ. ఆ లెక్కన కప్లర్ బయటి క్యూ (దాని పోర్టులోంచి పోయే పవర్‌ని మాత్రమే లెక్కేస్తే వచ్చేది) 1,10,000. 2 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్‌గా ఉండే నియోబియం కావిటీ సొంత క్యూ (గోడల నష్టం మాత్రమే లెక్కేస్తే వచ్చేది) 10¹⁰ స్థాయిలో ఉంటుంది. ఇదే కప్లర్ దానికి పెడితే, గోడల్లో ఒక వాట్ ఖర్చయ్యేలోపు పోర్టులోంచి 90 కిలోవాట్లు బయటికి పోతాయి. అందుకే 1.3 దగ్గర అడ్డుకునే నాచ్ ఫిల్టర్ ఉండాలి, బయటి క్యూ 10¹¹ దాటాలి.

ఆ 10¹¹ మీ క్యూ తగ్గుదలలో కనబడదు. ఇన్‌పుట్ యాంటెన్నాని క్రిటికల్ కప్లింగ్‌కి (శిఖరం దగ్గర పవర్ వెనక్కి తిరగని స్థితికి) తెచ్చి, అక్కణ్ణుంచి కప్లర్ పోర్టుకి ఎస్21 (ఒక పోర్టు నుంచి రెండో పోర్టుకి దాటే సిగ్నల్) చూడండి. పవర్ నిష్పత్తిగా అది సుమారు కావిటీ సొంత క్యూ బై కప్లర్ క్యూ. ఇప్పుడు మైనస్ 10 డెసిబెల్ దగ్గర ఉంటుంది, మైనస్ 70కి దించాలి. కప్లర్ లోపలి కొక్కేనికీ దాని డబ్బా మూతకీ మధ్య సందే నాచ్ కెపాసిటర్. మూతని స్క్రూతో కొద్దికొద్దిగా నొక్కుతూ నాచ్ లోయని (ఎస్21 బాగా పడిపోయే చోటుని) 1.3 శిఖరం మీదికి జరపాలి.

మన డెల్టా గాలితో ఇక్కడే చిక్కు. ఏసీలో 24 డిగ్రీలు, 50 శాతం తేమలో ట్యూన్ చేసి కిటికీ తీశారనుకోండి. 30 డిగ్రీలకి అల్యూమినియం వ్యాకోచించి ఫ్రీక్వెన్సీ సుమారు 180 కిలోహెర్ట్జ్ తగ్గుతుంది, 80 శాతం తేమ వల్ల ఇంకో 90. మీ లోడెడ్ (యాంటెన్నా, కప్లర్ బిగించి ఉన్నప్పటి) శిఖరం వెడల్పే 240. పొద్దున పెట్టిన మార్కర్ మధ్యాహ్నానికి పనికిరాదు, ప్రతిసారీ శిఖరాన్ని మళ్లీ వెతికి చదవండి.

జంట శిఖరాలంటే టీఎం110 అనే డైపోల్ (రెండు ధ్రువాల) మోడ్ రెండు ధ్రువణాలు, అంటే ఒకదానికొకటి 90 డిగ్రీలు తిరిగి ఉండే రెండు రూపాలు. కప్లర్‌ని 90 డిగ్రీలు తిప్పి బిగించండి, ఈసారి రెండోది పడుతుంది. రెంటినీ పట్టాలంటే రెండు కప్లర్లు తప్పవు. టెస్లా అనే తొమ్మిది సెల్స్ (వరసగా కలిపిన గదుల) నియోబియం కావిటీలో చెరో చివర ఒకటి, మధ్య కోణం సుమారు 115 డిగ్రీలు. డైపోల్‌కి 90 చాలు గానీ, 90 పెడితే క్వాడ్రుపోల్ (నాలుగు ధ్రువాల) మోడ్ ఒక ధ్రువణం రెండు కప్లర్లకీ ఒకేసారి తప్పించుకుంటుంది.

ఎక్కువ సెల్స్ ఉంటే కొన్ని మోడ్‌లు మధ్య సెల్స్‌లోనే ఇరుక్కుంటాయి, చివర కప్లర్ ఎంత మంచిదైనా వాటికి అందదు. చివరి సెల్స్ ఆకారం మార్చేది అందుకే. మీ ఒక్క సెల్‌కి ఆ బెడద లేదు.

ఇంకోటి, క్యూ కొలిచేటప్పుడు కప్లర్ పోర్టుకి 50 ఓమ్ లోడ్ ఉందో లేదో చూసుకోండి. ఖాళీగా వదిలేస్తే వచ్చిన పవర్ తిరిగి కావిటీలోకే పోతుంది, డ్యాంపింగ్ ఉండదు.