‘ఆపాతమధురం’లో ‘పాత’ లేదు

సందేహం: ‘ఇష్టమైన పాట – దాని వెనుక జ్ఞాపకం’ అనే శీర్షికకు వచ్చిన రచనలను ఒక సంచిక కోసం దిద్దుతున్నాను. పాత పాటలను కొందరు ‘ఆపాత మధురాలు’ అని, కొందరు ‘ఆ పాత మధురాలు’ అని రాశారు. ఏది ఒప్పు? అలాగే ‘నా ఇష్టమైన పాట’, ‘ఈ పాట నన్ను నా నాన్నను గుర్తు చేస్తుంది’, ‘నేను మరపురాని పాట’ వంటి వాక్యాలు చాలా కనిపిస్తున్నాయి. చెవికి ఇబ్బందిగానే ఉన్నాయి కాని తప్పెక్కడో పట్టుకోలేకపోతున్నాను. వివరించగలరు.

సమాధానం: మొదటి ప్రశ్నలోని మాటలను ‘ఆపాతమధురాలు’ అని పూర్తిగా కలిపి రాస్తే ఒప్పే, ‘ఆ పాత మధురాలు’ అని విడదీసి రాసినా ఒప్పే. అయితే అవి ఒకే మాటకు రెండు రాతలు కావు, అర్థం వేరైన రెండు మాటలు. ఒకదాని చోట ఇంకొకటి పడటం వల్లే చిక్కు వస్తోంది.

‘ఆపాతమధురం’ సంస్కృత సమాసం. ‘పత్’ ధాతువుకు పడటం అని అర్థం. జలపాతం, ఉల్కాపాతం, వర్షపాతం అన్నప్పుడు వినిపించే ‘పాతం’ దీని నుంచి వచ్చిందే. దానికి ముందు ‘ఆ’ అనే ఉపసర్గ చేరితే ‘ఆపాతం’, అంటే వచ్చి పడటం, తాకిన ఆ తొలి క్షణం. తాకగానే తియ్యగా ఉండేది ఆపాతమధురం. మన తెలుగులోనూ మాట ‘చెవిన పడుతుంది’ కదా! అందుకే ‘చెవిన పడీ పడగానే తియ్యనైనది’ అంటే ఈ సమాసానికి అర్థం చక్కగా సరిపోతుంది. దీన్ని అందరి నోటా నిలిపింది ఈ శ్లోకం:

సంగీతమపి సాహిత్యం సరస్వత్యాః స్తనద్వయమ్
ఏకమాపాతమధురమన్యదాలోచనామృతమ్

సంగీతం, సాహిత్యం సరస్వతీదేవికి రెండు స్తనాలు. ఒకటి వినగానే తీపి, రెండోది ఆలోచించే కొద్దీ అమృతం. ఇందులో కాలం ఊసే లేదు, ‘పాత’ అన్న మాటా లేదు. నిన్న వచ్చిన పాటైనా వినగానే మనసును పట్టేస్తే ఆపాతమధురమే. అరవై ఏళ్ల నాటి పాటైనా నాలుగైదు సార్లు వింటే తప్ప రుచి తెలియనిదైతే దానికి ఈ మాట అతకదు. ‘పాత పాటల్లో ఆపాతమధురాలు’ అని ఎవరైనా రాస్తే పునరుక్తి అనుకుని ‘పాత’ను కొట్టేయకండి, ఆ వాక్యం నిర్దుష్టం.

ఇంకో జాగ్రత్త. శ్లోకంలో ‘ఆపాతమధురం’ సంగీతానికి చెప్పింది, సాహిత్యానికి కాదు. ఒక రచయిత పాటలోని భావం లోతును మెచ్చుకుంటూ ‘ఆయన సాహిత్యం ఆపాతమధురం’ అని రాస్తే, ఆ మెప్పు పొరపాటున రెండో గదిలోకి వెళ్లినట్టే. అక్కడ కావలసింది ‘ఆలోచనామృతం’. పైగా సంస్కృతంలో ‘ఆపాత’ చేరిన విశేషణాలకు ‘పైపైకే, మొదట్లోనే’ అన్న ఛాయ కూడా ఉంది. సంస్కృత కవి భారవి రాసిన కిరాతార్జునీయం కావ్యం 11వ సర్గలో ముని వేషంలో వచ్చిన ఇంద్రుడు అర్జునుడితో విషయసుఖాలను ‘ఆపాతరమ్యాః’ అంటాడు. తొలుత రమ్యం, చివరకు పరితాపం అని తాత్పర్యం. తెలుగులో ఆ చిన్నచూపు లేదు, మనకు ఇది మెచ్చుకోలు మాటే. అయినా వరసకు, గొంతుకు, వాద్యానికి దీన్ని వాడుకుంటే సంస్కృతం తెలిసినవారికీ తెలియనివారికీ పేచీ ఉండదు.

ఇక ‘ఆ పాత మధురాలు’. ఇది పై సమాసాన్ని విరిచి తెలుగువాళ్లు చేసుకున్న చమత్కారం. ‘ఆ’ ఇక్కడ ఉపసర్గ కాదు, దూరంగా ఉన్నదాన్ని చూపించే మన సర్వనామం. ‘పాత’ తెలుగు మాట, దీని పాత రూపం ‘ప్రాత’. క్రొత్త కొత్త అయినట్టు, ప్రొద్దు పొద్దు అయినట్టు ప్రాత పాత అయింది. ‘మధురం’ విశేషణం కదా, దానికి బహువచనమేమిటని అభ్యంతరం చెప్పేవారున్నారు. విశేషణాన్ని నామవాచకంగా నిలబెట్టి ‘లు’ చేర్చుకోవడం తెలుగుకు అలవాటే కాబట్టి నాకు ఇందులో దోషం కనిపించదు. రేడియోలోనూ పత్రికల్లోనూ పాత పాటలకు ఇది దాదాపు పేరైపోయింది. సొగసైన మాట, వాడుకోవలసిందే.

కాని విడదీసి రాయాలి. ‘ఆపాత’ అని కలిపి రాస్తే ‘ఆ పాత’ అన్న అర్థం ఏ సంధి ప్రకారమూ రాదు. ఆ, ఈ, ఏ అనే త్రికం మీద వచ్చే హల్లు సంధి జరిగితే ద్విత్వమై, ముందున్న దీర్ఘం హ్రస్వమవుతుంది. ఆ + కాలం అక్కాలం, ఆ + పాట అప్పాట. ఆ లెక్కన ఆ + పాత ‘అప్పాత’ కావాలి, ‘ఆపాత’ కాదు. సంధి చేయకపోతే మధ్య ఖాళీ విడవాల్సిందే. దానికి తారుమారుగా, సంస్కృత సమాసంలో ‘ఆపాత’, ‘మధురం’ మధ్య ఖాళీ ఉండకూడదు. మీకు వచ్చిన ‘ఆపాత మధురాలు’ రాతలో రెండు మాటలకూ చెందని ఖాళీ ఉంది. అసలు గందరగోళం అక్కడే.

దిద్దేటప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ‘ఆ’ తీసి ‘ఈ’ పెట్టి చదవండి. ‘అమ్మ పాడిన ఈ పాత మధురాలు’ అని అర్థం నిలబడితే అక్కడ రచయిత ఉద్దేశించింది ‘ఆ పాత మధురాలు’. ‘ఆమె గొంతు ఈపాతమధురం’ అని వాక్యం కూలిపోతే అక్కడ ఉండవలసింది ‘ఆపాతమధురం’. దాదాపు ప్రతి వాక్యమూ ఈ పరీక్షకు లొంగుతుంది.

‘నా ఇష్టమైన పాట’లో తప్పు ఒక్క అక్షరంలో ఉంది. ‘ఇష్టం’ ఎవరికి అన్న ప్రశ్నకు జవాబు ‘నాకు’. ఆ ‘కు’ విశేషణంలోనూ పోదు: నాకు ఇష్టమైన పాట, అమ్మకు ఇష్టమైన పాట. ‘కు’ తీసేస్తే అర్థం ఎంత దూరం జరుగుతుందో చూడండి. ‘ఈ పాట నాకిష్టం’ అంటే దాని మీద ప్రీతి. ‘ఏ పాట పాడాలో నా ఇష్టం’ అంటే నా నిర్ణయం, ఇంకొకరు అడగడానికి లేదు. ‘నా అభిమాన గాయని’ అన్నది మాత్రం సరైనదే. అక్కడ ‘అభిమాన’ తర్వాత ‘ఐన’ లేదు కాబట్టి ‘కు’తో పని పడలేదు. ‘నచ్చిన’ కూడా ‘నాకు’నే కోరుతుంది. అయితే నచ్చడం ఒకసారి విన్నప్పుడు కలిగేది, ఇష్టం నిలిచి ఉండేది. ‘మొదటిసారే నచ్చింది, ఇప్పటికీ ఇష్టం’ అన్న వాక్యంలో ఆ తేడా ఉంది.

‘ఈ పాట నన్ను నా నాన్నను గుర్తు చేస్తుంది’ అన్న వాక్యానికి కొంచెం ఎక్కువ మరమ్మతు కావాలి. ‘గుర్తు చేయడం’లో ఎవరికి గుర్తొస్తోందో వారికి ‘కు’, గుర్తొచ్చే మనిషికి ‘ను’. ఇద్దరికీ ‘ను’ పెడితే ఎవరు ఎవరిని తలుచుకుంటున్నారో తెలియదు. రెండోది, తెలుగులో అమ్మ, నాన్న, ఇల్లు, ఊరు ‘మా’వే. తోబుట్టువులు లేనివారు సైతం ‘మా నాన్న’ అనే అంటారు. కొడుకు, కూతురు, భార్య, భర్త దగ్గర ‘నా’ కూడా ఒప్పుతుంది. కాబట్టి ‘ఈ పాట నాకు మా నాన్నను గుర్తు చేస్తుంది’ అంటే వ్యాకరణం కుదిరింది. అయినా ఇంట్లో ఎవరూ ఇలా మాట్లాడరు. పాటను కర్తగా కూర్చోబెట్టి మనచేత పని చేయించే వాక్యాలను తెలుగు అంతగా ఇష్టపడదు. ‘ఈ పాట వింటే నాన్న గుర్తొస్తారు’ చాలు, ‘నాకు’ అక్కర్లేదు. ‘ఈ పాట నన్ను బాల్యంలోకి తీసుకువెళ్తుంది’ అన్న వాక్యమూ మీకు వచ్చిన రచనల్లో ఉండే ఉంటుంది. ‘ఈ పాట వింటే చిన్నతనం కళ్లముందు మెదులుతుంది’ అని చూడండి, ఊపిరి ఆడుతుంది.

‘గుర్తొస్తారు’ అన్నానని గమనించారా? ఈ క్రియ గుర్తొచ్చిన మనిషిని బట్టి మారుతుంది: అమ్మ గుర్తొచ్చింది, స్నేహితులు గుర్తొచ్చారు, తమ్ముడు గుర్తొచ్చాడు. ‘నాకు స్నేహితులు గుర్తొచ్చింది’ అని రాసేవారు ‘గుర్తు’ కర్త అనుకుంటున్నారు. కర్త స్నేహితులు.

‘గుర్తు’కు అసలు అర్థం ఆనవాలు. కన్నడ ‘గురుతు’ కూడా అదే. జ్ఞాపకం అన్న అర్థం దాని మీద తర్వాత పెరిగింది, ఎన్ని క్రియలతో కలిస్తే అన్ని రంగులు తెచ్చుకుంది. ఎక్కడో పాట మొదలైంది. పల్లవి రాకముందే, వాద్యం రెండు స్వరాలు పలకగానే అదే పాటని తెలిసింది: ఇది గుర్తుపట్టడం. పల్లవి తడుముకోకుండా నోటికి వస్తోంది: పల్లవి గుర్తుంది. రెండో చరణం ఎత్తుగడ అందడం లేదు: గుర్తు రావడం లేదు. కళ్లు మూసుకుని, మొదటి చరణం పాడుకుంటూ వెళ్లి దాన్ని అందుకున్నారు: గుర్తు చేసుకున్నారు. ఇంకెప్పుడూ జారిపోకుండా రాసి పెట్టుకున్నారు: గుర్తుపెట్టుకున్నారు. పట్టడం, చేసుకోవడం, పెట్టుకోవడం మనం చేసేవి, అక్కడ ‘నేను’. ఉండటం, రావడం మన చేతిలో లేనివి, అక్కడ ‘నాకు’. పాటల జ్ఞాపకాల్లో ఎక్కువ భాగం అడగకుండానే వచ్చేవి కదా, అందుకే ఈ తరహా రచనల్లో ‘నాకు’ వాక్యాలే సహజంగా పడతాయి.

‘నేను మరపురాని పాట’ తప్పు కూడా ఆ కోవలోదే. ‘మరపు’ నామవాచకం. మరపు రాదు, ఎవరికి? నాకు. కాబట్టి ‘నాకు మరపురాని పాట’. ‘మరిచిపోలేని’ వాడితే ‘నేను మరిచిపోలేని పాట’. రెండింటినీ కలిపి సగం సగం వాడకూడదు.

చివరగా, మీ శీర్షికలోని ‘జ్ఞాపకం’. కీబోర్డు మీద చాలామంది ‘ఙ్ఞాపకం’ అని కొడుతున్నారు. అది కవర్గంలోని ఙ. ఇక్కడ ఉండవలసింది జ, దాని కింద ఞ వత్తు: జ్ఞ. తెర మీద చిన్న అక్షరాల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కంటితో వెతక్కుండా ‘ఙ్ఞ’ను వెతికి మార్చే ఆదేశం ఇవ్వండి. ఇంకో మాట. సంస్కృతంలో ‘జ్ఞాపకం’ అంటే స్మృతి కాదు, తెలియజేసేది. పాణిని సూత్రంలో పైకి అనవసరంగా కనిపించే మాట ఏదైనా, చెప్పని నియమాన్ని సూచిస్తే వ్యాకరణవేత్తలు దాన్ని ‘జ్ఞాపకం’ అంటారు. తెలుగులో అది తలపుగా స్థిరపడింది, ‘పాట వెనుక జ్ఞాపకం’ అన్న మీ శీర్షిక నిక్షేపంగా ఉంది. ఎవరైనా ‘ఈ పాటే నాకు మా అమ్మ జ్ఞాపకం’ అని రాసి ఉంటే మాత్రం ‘పాట జ్ఞాపకం ఎలా అవుతుంది’ అని దిద్దకండి. అమ్మను తెలియజేసేది పాట అని ఆ వాక్యానికి అర్థం, ఆ మాటకు మొదటి నుంచీ ఉన్న అర్థమూ అదే.