మొదటి ముద్ద చేదు

కందుకూరు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కావలిలో రెండో ఆదివారం కవుల కూడికను వచ్చే నెల నుంచి నీ నెత్తిన పెట్టారని మీ అమ్మ చెప్పింది. ఇన్నాళ్లూ నడిపినాయన మోకాళ్ల నొప్పులని తప్పుకున్నాడట, నువ్వు దొరికావు. మంచిదే. నువ్వడిగిన ప్రశ్న కూడా మీ అమ్మే చేరవేసింది: "ఎవరైనా బాగాలేని కవిత చదివితే ఏమనాలో మామయ్యను అడుగు." ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. పైగా ఫోన్లో అయితే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూనే పొయ్యి మీద కూర కలుపుతుంటావు. అందుకే రాస్తున్నా.

మొత్తానికి మొత్తం బాగాలేని కవిత ఇన్నేళ్లలో నాకు ఎక్కడో ఒకటీ అరా తగిలి ఉంటుంది. మామూలుగా పన్నెండు చప్పిడి లైన్ల మధ్య రెండు మంచి లైన్లు ఇరుక్కుపోయి ఉంటాయి. అవి ఏవో రాసినవాడికి తెలియదు. చాలాసార్లు వాడికి ముద్దొచ్చేది ఆ చప్పిడి పన్నెండే. ఎక్కడో విన్నట్టుంటాయి కాబట్టి అవే కవిత్వమనిపిస్తాయి.

పోయినేడు ఇక్కడ మా కందుకూరు కూడికకు టంగుటూరు వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు అమ్మ మీద చదివాడు. అమ్మ దేవత, అమ్మ కొవ్వొత్తి, అమ్మ నీడనిచ్చే చెట్టు. ఈ మూడూ ఎవరు పంచిపెట్టారో గానీ అమ్మ మీద రాసే ప్రతివాడి సంచిలోనూ ఉంటాయి. మధ్యలో ఉన్నట్టుండి ఇలా అన్నాడు:

అమ్మ అన్నం కలిపితే
మొదటి ముద్ద చేదు

అని, మళ్లీ అమృతంలోకి వెళ్లిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకాయన "కళ్లు చెమర్చాయి" అన్నాడు. నేను చూస్తూనే ఉన్నా, ఆయన కళ్లు మసాలా వడల పొట్లం మీద ఉన్నాయి.

"ఆ చేదేంది నాయనా?" అనడిగా. కుర్రాడు నసిగాడు. వాళ్లమ్మ పొగాకు గ్రేడింగుకు, అంటే ఆకును రకాలుగా వేరుచేసే పనికి, వెళ్తుంది. రోజంతా ఆకు పట్టుకుంటే వేళ్లకు జిగురు పడుతుంది, సబ్బుతో రుద్దినా ఒక పట్టాన పోదు. ఆ చేత్తో కలిపిన అన్నంలో మొదటి ముద్ద చేదుగా ఉంటుంది, రెండో ముద్దకు నాలుక అలవాటు పడుతుంది. ఇదంతా తల దించుకుని చెప్పాడు. కవితలో పొగాకు పెడితే ఏం బాగుంటుందని తీసేశాడట, ఆ రెండు లైన్లు మాత్రం ఎలాగో మిగిలిపోయాయట. నేనింకేం అనలేదు. తర్వాతి నెల ఐదు లైన్లతో వచ్చాడు. దేవతా లేదు, కొవ్వొత్తీ లేదు. ఆ రోజు చప్పట్లు కాస్త ఆలస్యంగా పడ్డాయి.

నీ ప్రశ్నకు నా జవాబు ఇంతేనమ్మా. బాగుందా లేదా అని తీర్పు చెప్పకు. నీ చెవిన ఏది పడిందో చెప్పు, పడినచోట ఇంకాస్త అడుగు. "బాగుందండీ" అనేది కవితకు చెప్పే మాట కాదు, మనిషికి చెప్పే నమస్కారం. నమస్కారం పెట్టొద్దని కాదు, దాంతో లేచిపోవద్దంటున్నా. "మూడో లైను దగ్గర మా నాన్న గుర్తొచ్చాడు", "గాలిపటం వచ్చాక నాకు దారి తప్పింది", ఇలాంటి మాట ఒక్కటి దొరికినా రాసినవాడు ఇంటికెళ్లి కాగితం మళ్లీ తీస్తాడు.

ఇక కూడిక నడిపే పద్ధతి. కవి తన కవితను తనే చదవడం మాన్పించు. పక్కవాళ్ల చేత చదివించు, కవిని పెన్సిలుతో కూర్చోబెట్టు. ఇది అచ్చాఫీసు విద్య. ముప్పై రెండేళ్లు సీసపు అక్షరాలు పేర్చినవాణ్ణి. అక్షరాలు పేర్చే స్టిక్కులో అక్షరం అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది, అయినా అలవాటైపోయి గబగబా చదివేసేవాళ్లం. కానీ ఎవడు కంపోజు చేసింది వాడే దిద్దుకుంటే తప్పులు దొరికేవి కావు. కన్ను కాగితం మీద ఉంటుంది, చదివేది మాత్రం తలలో ఉన్నదాన్ని. అందుకని ఒకరు రాతప్రతి పట్టుకుని పైకి చదివేవాళ్లు, ఇంకొకరు ప్రూఫు చూసేవాళ్లు. కవితా అంతే. రాసినవాడు చదివేటప్పుడు గొంతు పెంచి, తగ్గించి, చెయ్యి ఊపి, లేని బలమంతా తెచ్చిపెడతాడు. వేరేవాళ్లు మామూలుగా చదివితే ఎక్కడ తట్టుకున్నారో అక్కడ రాయి ఉన్నట్టే. ఎవరూ ఏమీ అనక్కర్లేకుండానే సగం దిద్దుబాటు అక్కడ అయిపోతుంది. మనిషికో జిరాక్స్ తీయించు, ఆ ఖర్చుకు అందరి దగ్గరా పదేసి రూపాయలు తీసుకో, మొహమాటపడకు.

ఇంకో నియమం కూడా పెట్టు: మాట్లాడుతున్నంతసేపూ కవి వివరణ ఇవ్వకూడదు. "నా ఉద్దేశం ఏంటంటే" అని మొదలుపెడితే ఆ ఉద్దేశం కాగితం మీద లేదని అర్థం. మొదటి రెండు నెలలు అలుగుతారు. అలగనీ.

పద్యాలు రాసేవాళ్లు మీ దగ్గర ఇద్దరో ముగ్గురో ఉన్నారన్నావు కదా, వాళ్లతో పని నిజానికి తేలిక. అక్కడ తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. అయినా చూపించరు, అదీ కష్టం. మా కూడికలో ఒక డిగ్రీ చదివే పిల్లవాడు ఆటవెలది పద్యం తెచ్చాడు. మొదటి పాదం ఇది:

పెన్న యిసుక మీద చల్లగా పరిచింది

పెద్దాయన ఒకరు "యతి పోయింది" అని కుర్చీలో వెనక్కి వాలారు. పిల్లవాడి మొహం చూడాలి, జేబులోంచి పర్సు పోయినట్టు పెట్టాడు. పోయింది సరే, ఎక్కడ పోయిందో చెప్పాలా వద్దా? నేను దగ్గరికి పిలిచి కాగితం మీద గీతలు గీశా. పాదాన్ని విడగొట్టే ముక్కలే గణాలు; మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, లెక్క సరిపోయింది. మొదటి అక్షరం 'పె'. నాలుగో గణం మొదట్లో 'చ'. యతి అంటే ఈ రెండు అక్షరాలూ కలవడమే, వీటికి పొత్తు లేదు. "అక్కడ 'వెన్నెలే' అని పెట్టు, ప-వలకు మైత్రి ఉంది, గణమూ చెడదు" అన్నా, నా తెలివికి నేనే మురిసిపోతూ. అలాగే ఆటవెలదిలో యతి బదులు ప్రాసయతి కూడా చెల్లుతుందని, అంటే రెండో అక్షరం కలిసినా చాలని మాటవరసకు చెప్పా. పిల్లవాడు టీ తాగినంతసేపూ ఏదో గొణుక్కుని, వచ్చి ఇది చూపించాడు:

పెన్న యిసుక మీద చిన్నగా పరిచింది
చందమామ వచ్చి చాప యొకటి

పెన్న, చిన్న. మన వైపు చిన్నగా అంటే మెల్లగా అని కదా. నా వెన్నెలకూ వాడి చాపకూ పోలికే లేదు. నేనిచ్చిన మాట వాడు మర్యాదకు పెట్టుకుని ఉంటే ఆ చాప వచ్చేది కాదు. అప్పటి నుంచి నేను చోటు చూపిస్తున్నా, సూత్రం చెబుతున్నా, మాట మాత్రం ఇవ్వడం లేదు. చెప్పినంత తేలిక కాదిది. మనకూ నాలుగు ముక్కలు వచ్చు కదా, నోరు దురద పెడుతుంది. నేను కావలి వచ్చే దారిలో గుడ్లూరు తగులుతుంది చూడు, ఎఱ్ఱన ఊరని చెబుతారు. నన్నయ వదిలేసిన అరణ్యపర్వం మిగతా భాగాన్ని పూర్తి చేసి, దాన్ని తన రాజుకు కాక నన్నయ రాజైన రాజరాజుకే అంకితంగా ఉంచాడాయన. ఇంకొకరి కవితలో చెయ్యి పెట్టక తప్పకపోతే అలా పెట్టాలి.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పాలి. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

తీరం వెంబడి పొలాలన్నీ రొయ్యల గుంటలవుతున్న రోజులు. పదో తరగతి పిల్లవాడొకడు మా కూడికకు వచ్చి గుంటల మీద ఒక కవిత చదివాడు. ఎన్ని ఎకరాలు పోయాయి, ఎవరికి అమ్మారు, బావినీళ్లు ఎలా మారాయి, అన్నీ ఉన్నాయందులో. నేను అందరి ముందూ "ఇది కవిత కాదబ్బాయ్, వార్త" అన్నా. ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వా. మాట అంత బాగా పేలినందుకు ఆ పూటంతా హుషారుగా కూడా ఉన్నా. పిల్లవాడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ రాలేదు.

పదీ పన్నెండేళ్ల తర్వాత అచ్చాఫీసుకు తన పెళ్లికార్డు వేయించుకోవడానికి వచ్చాడు. నేను గుర్తుపట్టలేదు, వాడే చెప్పాడు. ఇంకా రాస్తున్నావా అంటే "అప్పుడే మానేశానండీ" అని నవ్వేశాడు. ప్రూఫు చేతికిస్తే ఒక్క నిమిషం చూసి, ముహూర్తం దగ్గర నేను వదిలేసిన ఒత్తు పట్టుకున్నాడు. నేను రెండుసార్లు చూసి సరేననుకున్న ప్రూఫది. అక్షరం మీద అంత చూపున్నవాడు! వాడి కవితలో "మా చేను ఉప్పు తింటోంది" అని ఒక లైను ఉండేది. నాకిప్పటికీ గుర్తుంది. ఆ లైను ఏ వార్తలో వస్తుంది? ఆ రోజు అదొక్కటి పైకి చదివి వినిపించి ఉంటే సరిపోయేది.

కుమ్మరి గురునాథుడి కథ నీకు చిన్నప్పుడు చెప్పా, మర్చిపోయి ఉంటావు. తిక్కన ఆశువుగా భారతం చెబుతుంటే గురునాథుడు రాసేవాడట. చెప్పేవాడు ఆగకూడదు, రాసేవాడూ ఆగకూడదు, తిక్కన ఆగితే నాలుక కోసుకోవాలని పందెం. ఒకచోట మాట తోచక తిక్కన "ఏమి చెప్పుదుం గురునాథా" అనేశాడు. ఓడిపోయాననుకుని కత్తి తీశాడు. గురునాథుడు ఆపి, మీరు పద్యమే చెప్పారు కదా అన్నాడట. ఆ ఘట్టంలో సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధం సంగతి చెబుతున్నాడు. చెప్పుదున్, కురునాథా. కురునాథుడంటే ధృతరాష్ట్రుడే. సంధిలో 'కు' కాస్తా 'గు' అవుతుంది. గురునాథుణ్ణి పిలిచిన పిలుపు కురునాథుడికీ సరిపోయింది. కథే అనుకో, జరిగిందో లేదో ఎవరికి కావాలి. కవి పడిపోయాననుకున్నచోట పద్యం నిలబడే ఉందని చెప్పింది వింటున్నవాడు. నేనేమో నిలబడ్డవాణ్ణి పడేశా.

మరీ ముఖ్యమైన మినహాయింపు ఒకటి. మీ దగ్గరికి ఎవరో ఒకరు చావు మీద రాసింది తెస్తారు, తప్పకుండా తెస్తారు. భర్త పోయిన మూడో నెల ఒకావిడ మా దగ్గర చదివింది, సగంలో ఆగిపోయింది. ఆ కాగితం మీద చేసే పనేమీ ఉండదు. మంచినీళ్లివ్వు, మిగతా సగం ఆవిడ అడిగితే నువ్వు చదువు. దిద్దుబాటు కావాలంటే ఏడాదికో రెండేళ్లకో ఆవిడే అడుగుతుంది.

సభ మొదట్లో ఉపన్యాసాలు పెట్టొద్దు. తిక్కన నడిచిన నేల, కవికోకిల దువ్వూరి రామిరెడ్డి పుట్టిన జిల్లా అని ఎత్తుకుంటే అరగంట పోతుంది, కొత్తగా వచ్చినవాళ్లు మడిచిన కాగితం బయటికి తీయడానికి భయపడతారు. నేనూ తక్కువ తిన్లేదులే. 848 నాటి అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉంది, అందులో మన కందుకూరు పేరుంది, చాళుక్యుల సేనాని పండరంగడు దాన్ని బెజవాడంత చేశాడని ఉంది, అని నేను వివరిస్తుంటే ఇద్దరు పిల్లలు బస్సు టైమైందని లేచి వెళ్లిపోయారు. వాళ్ల కవితలు చదవనే లేదు.

శాలువాల వాళ్లు కూడా వస్తారు. సంకలనంలో వేస్తాం, బిరుదిస్తాం, ఇంత కట్టండి అంటారు. నేనూ ఒకసారి కట్టా. నా కవిత అచ్చులో నాలుగు తప్పులతో వచ్చింది, అచ్చాఫీసు వాడికి అంతకంటే అవమానం ఏముంటుంది. మీ వాళ్లకు ముందే చెప్పి ఉంచు, చాలు.

ప్రోత్సాహం గురించి అడగలేదు గానీ చెబుతా. కూడిక అయిన రోజు చెప్పే మెచ్చుకోలు కంటే నాలుగో రోజు చెప్పేది ఎక్కువ పనిచేస్తుంది. మా అచ్చాఫీసులో మిషన్ తొక్కే అతను చదువుకున్నవాడు కాదు. నేను కంపోజు చేసుకుంటూ పాడుకునే పద్యాలు వినేవాడు. ఒక రోజు రోలరుకు ఇంకు పూస్తూ నా పాదం ఒకటి తనలో తనే అనుకుంటున్నాడు, ఒక మాట తప్పుగా. నేను దిద్దలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు రాశానంటే ఆ పూటే కారణం. నువ్వూ ఎవరి లైనైనా గుర్తుంటే ఫోన్ చేసి ఆ లైను చెప్పు, చప్పట్ల బొమ్మ పంపి ఊరుకోకు.

రెండో ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నా. భోజనం మీ ఇంట్లోనే, చేపల పులుసైతే మరీ మంచిది. నా తేటగీతి పద్యం ఒకటి మూడో పాదం దగ్గర రెండు నెలల నుంచి ఆగిపోయి ఉంది, అదీ తెస్తున్నా. నాకూ జిరాక్సులు తీయించు. మామయ్యది కదా అని నువ్వు చదవొద్దు, అందరికంటే చిన్నవాళ్లెవరో వాళ్ల చేత చదివించు. పెన్సిలు నేనే తెచ్చుకుంటా.

మీ మామయ్య