బ్రేకింగ్ బ్యాడ్‌కి ముందు అమెరికన్ నటుడు బ్రయాన్ క్రాన్‌స్టన్ ఏం చేసేవాడు? ఆయనవి ముందు ఏవి చూడాలి?

నేను తలకిందులుగా చూశాను. మొదట 'బ్రేకింగ్ బ్యాడ్' సిరీస్. క్యాన్సర్ అని తెలిశాక మెత్ అనే మత్తుమందు వండడం మొదలుపెట్టిన కెమిస్ట్రీ మాస్టారు వాల్టర్ వైట్‌గా వేశాడు. ఐదు సీజన్లూ అయ్యేసరికి ఆ మొహం చూస్తేనే దడ పుట్టేది. తర్వాత 'మాల్కమ్ ఇన్ ద మిడిల్' అనే కామెడీ సిరీస్ పెడితే, ఒంటికి అతుక్కుపోయే డ్రెస్సులో స్కేట్స్ మీద గిరగిరా తిరుగుతున్న నాన్నగా కనిపించాడు. మా ఆవిడ "ఈయనేనా మందు వండేది!" అని పడీపడీ నవ్వింది.

ఆయన పుట్టింది 1956లో. 1980ల నుంచీ టీవీలోనే ఉన్నాడు: పగటిపూట సీరియల్, యాడ్లు, 'సైన్‌ఫెల్డ్' కామెడీ సిరీస్‌లో డెంటిస్టు లాంటి చిన్నచిన్న వేషాలు. 'మాల్కమ్' 2000లో మొదలైంది, అప్పటికి నలభై దాటేశాడు. వాల్టర్ వైట్ దొరికింది యాభై దాటాక.

ఆ వేషం ఎలా దొరికిందో వింటే ముచ్చటేస్తుంది. 1998లో 'ఎక్స్-ఫైల్స్' సిరీస్‌లో 'డ్రైవ్' అనే ఒక్క ఎపిసోడ్‌లో వేశాడు. కారు పడమటివైపు పరిగెత్తుతూనే ఉండాలి, ఆగితే అందులో ఉన్న ఆయన తల పగిలిపోతుంది. నోరు విప్పితే ద్వేషమే కక్కే మనిషి. అయినా చివరికొచ్చేసరికి అయ్యో పాపం అనిపిస్తుంది. అది రాసింది విన్స్ గిలిగన్. పదేళ్లకి తన సొంత సిరీస్ 'బ్రేకింగ్ బ్యాడ్'కి క్రాన్‌స్టన్ కావాలంటే, ఏఎమ్‌సీ ఛానెల్ వాళ్లు "కామెడీ నాన్న ఇందులో ఏంటి?" అని నసిగారు. గిలిగన్ 'డ్రైవ్' చూపించాడు. అంతే, నోరు మెదపలేదు. ఆ వేషానికి నాలుగుసార్లు ఉత్తమ నటుడిగా టీవీ అవార్డు ఎమ్మీ వచ్చింది.

సినిమాల్లో ఆయన్ని అంతగా వాడుకోలేదనే నా కంప్లైంట్. 'గాడ్జిల్లా'లో (2014) ఆయన కోసమే కూర్చున్నాను, సగం కాకముందే చంపేశారు! 'ట్రంబో' మాత్రం వదలొద్దు, ఆస్కార్ నామినేషన్ దానికే.

మీరైతే 'డ్రైవ్'తో మొదలుపెట్టండి, తర్వాత 'బ్రేకింగ్ బ్యాడ్', ఆ టెన్షన్ దిగడానికి 'మాల్కమ్'. రెండు టోనీ అవార్డులు (నాటకాలకిచ్చేవి) తెచ్చిన న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాలు మనం చూడలేకపోయినా, వాటిలో అమెరికా ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్‌గా వేసిన 'ఆల్ ద వే'ని 2016లో హెచ్‌బీఓ సినిమాగా తీసింది. అందులోనూ ఆయనే.